కిటికీలు లేని బండి

ఆయన గురించి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయటం రాదు. నేను అక్షరాలు దిద్దింది యాభై నాలుగో ఏట. మా ఊరి బళ్ళో పంతులమ్మ మధ్యాహ్నం పూట ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని నేర్పింది. మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళు మండుతుంటే ఆ వేళ్ళతోనే అఆలు దిద్దాను. నా పేరు రాయటానికి ఒక ఏడాది పట్టింది. బస్సు బోర్డు చదవటానికి ఇంకో ఏడాది.

రాయటం వచ్చాక కూడా ఆయన గురించి రాయలేకపోయాను. రెండు మూడు సార్లు కూర్చున్నాను. "ఆయన దేవుడిలాంటి మనిషి" అని మొదలుపెట్టాను. పెట్టీ పెట్టగానే ఆయన గొంతు వినపడింది. "దేవుణ్ణి చూశావా అమ్మాయ్? చూడకపోతే కొట్టెయ్." కొట్టేశాను. "చానా మంచివాడు" అని రాశాను. "చానా అంటే ఎంత?" అన్నాడు. అదీ కొట్టేశాను. ఇంక కాగితం మీద ఏమీ మిగల్లేదు.

పోయిన నెల కళ్ళజోడు కోసం నరసరావుపేట వెళ్ళినప్పుడు కోర్టు వీధిలో టీ తాగాను. టీ కొట్టాయన నన్ను గుర్తుపట్టలేదు గానీ, నేనే అడిగాను.

"గుమాస్తా సాయిబు గారు వస్తున్నారా ఇటు?"

"ఆయన పోయి నాలుగు నెలలయిందమ్మా. చివరిదాకా అదే తీరు. ఆసుపత్రిలో డాక్టరు 'నొప్పి ఎక్కువగా ఉందా' అంటే, 'దేనికన్నా ఎక్కువ?' అన్నాడంట."

నేను నవ్వాను. నవ్వుతూనే టీ గ్లాసు కింద పెట్టేశాను. ఇంటికొచ్చి, ఈసారి ఆయన ఎట్లాంటివాడో రాయటం మానేసి, నేను చూసింది రాద్దామని కూర్చున్నాను.

*

ఆయన ఒక వకీలు గారి దగ్గర గుమాస్తా. పొట్టి మనిషి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టుకుని చెవికి చుట్టుకునేవాడు. తెల్ల టోపీ తీసి నాలుగు మడతలు పెట్టి కాగితాల పక్కన పెట్టుకునేవాడు. కాగితాలు ఎగరకుండా మాచర్ల నాపరాయి ముక్క ఒకటి ఉండేది, అరచెయ్యంత. ఆయన కుర్చీ వెనక గోడకు ఒకే మేకుకు మూడు వేలాడేవి: పంచాంగం, రైల్వే టైంటేబులు, బస్సుల టైములు రాసుకున్న అట్టముక్క.

సాయిబు గారికి పంచాంగం ఎందుకని, నేను మొదటిసారి వెళ్ళిన రోజే ఎవరో అడిగారు. ఆయన చెప్పిన మాట నేను విన్నాను. పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక కేసు కాగితంలో, ఆ కేసు మనిషిని అడక్కుండా, బాగుంటుందని "వెన్నెల్లో చూశాడు" అని రాశాడట. ఆ రోజు అమావాస్య. అవతలి వకీలు కోర్టులో పంచాంగం తీసి చదివాడు. కోర్టంతా నవ్వింది. "నవ్వు నాకు, శిక్ష ఆ కేసు మనిషికి" అని చెప్పి, గుమాస్తా గారు మేకు వైపు చూపించాడు.

ఆయన పని ఏమిటంటే, వచ్చినవాళ్ళు చెప్పేది విని, జరిగింది జరిగినట్టు తెలుగులో ఒక కాగితం తయారు చేయటం. వకీలు గారు దాన్ని చదువుకుని, దాని మీద నిలబడి కోర్టులో వాదించేవారు. "వాదన అయ్యగారిది. జరిగింది మనది" అనేవాడు ఆయన. రెండూ కలిపితే ఊరుకునేవాడు కాదు.

మా కంటే ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది, మొగుడి మీద కేసు.

"వాడు రాక్షసుడండీ, అట్నే రాయండి" అంది.

"ఏ రోజు?"

"రోజూనండీ."

"రోజూ వద్దు. ఒక రోజు చెప్పు."

ఆ అమ్మాయి తడుముకుని, మంగళవారం పొయ్యి దగ్గర ఉండగా చెంప మీద కొట్టాడనీ, నాలుగు గాజులు పగిలినయ్యనీ చెప్పింది. ఆయన రాశాడు. తర్వాత చదివి వినిపించాడు. మంగళవారం. పొయ్యి దగ్గర. చెంప మీద. నాలుగు గాజులు.

"రాక్షసుడని రాయలేదేందండీ?"

"ఇది చదివాక జడ్జి గారికే అనిపిస్తది. మనం ముందే అనేస్తే ఆయనకింక అనుకోటానికేం ఉంటది?"

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను చెప్పబోయేది నా నోటికి మా బావగారు మూడు రోజులుగా నేర్పించిన అబద్ధం.

*

మా పొలం రైలుకట్ట పక్కన. సాగర్ కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ ఒకటే, వంతుల మీద పారించుకునేవాళ్ళం. ఆ రోజుల్లో మాలో ఎవరి చేతికీ వాచీ లేదు. పొద్దుటి వంతు మారేది మాచర్ల పోయే పాసింజరు బండి కూతతో. కూత వినపడగానే పాత వంతువాళ్ళు గట్టు మీద పాతిన కర్రా దానికి కట్టిన తువ్వాలూ పీకేస్తారు, కొత్తవాళ్ళు వాళ్ళ తువ్వాలు కట్టి, తూము చెక్క తీసి తమ చేలోకి తిప్పుకుంటారు. మా పెళ్ళికి ముందు నుంచీ అదే లెక్క. ఆ కూత మీద ఎవరూ తగాదా పడి ఎరగరు.

ఆ బేస్తవారం పొద్దున తగాదా అయింది. పక్క చేను ఆయన, నేను మామా అని పిలుస్తాను, తలకు పార దెబ్బ తగిలి గుంటూరు పెద్దాసుపత్రిలో పడ్డాడు. మా ఆయన్ని పోలీసులు పట్టుకుపోయి సబ్ జైల్లో పెట్టారు. నీళ్ళ కోసం పథకం వేసుకుని, ఆయుధంతో వచ్చి, చంపబోయాడని కేసు రాశారు. శుక్ర, శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం మధ్యాహ్నం మేము గుమాస్తా గారి ముందు కూర్చున్నాం. మంగళవారం కోర్టులో బెయిలు మాట వస్తుంది. ఆసుపత్రిలో మామకు ఏమైనా అయితే ఇంక బెయిలు మాట కాదు, ఉరిశిక్ష మాట వస్తుందని ఊళ్ళో అంటున్నారు. నాకు ఇద్దరు పిల్లలు, ఎండిపోతున్న ఎకరంన్నర మిరప.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మా తమ్ముడు అసలు ఆ పక్క లేడండీ. దుర్గి పోయాడు, రాతిపని వాళ్ళ దగ్గర రోలు చెక్కించుకుందామని. ఇద్దరు సాక్షులున్నారు."

గుమాస్తా గారు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మాయ్."

"దుర్గి పోయాడండీ, రోలు కోసం" అన్నాను.

"నువ్వు చూశావా, విన్నావా, అనుకున్నావా?"

ఆయన ప్రతి మాటకీ అడిగేది ఇదే. చూశావా, విన్నావా, అనుకున్నావా. నేను తలొంచుకున్నాను.

"చూశానండీ, బస్సెక్కటం."

ఆయన రాయలేదు. బల్ల మీద పోలీసు కాగితం తిరగేశాడు. "ఎనిమిదిన్నరకు మీ ఆయన్ని మీ చేలోనే పట్టుకున్నారు. బట్టలు మోకాళ్ళ దాకా బురద అని రాశారు. దుర్గిలో రోళ్ళు నీళ్ళలో నిలబడి చెక్కుతున్నారా ఇప్పుడు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారి మొహం కందగడ్డ అయింది.

"సాయిబు గారూ, మేం చెప్పింది రాయటం మీ పని. తీర్పు చెప్పటం కాదు."

"రాస్తానయ్యా. నువ్వు చూసింది చెప్పు, రాస్తా. నువ్వు గట్టు మీద ఉన్నావా ఆ పొద్దున?"

"లేను."

"మరి బయట టీ తాగి రా. బాగుంటది. పది నిమిషాల కింద నేను తాగినప్పుడు బాగానే ఉంది."

బావగారు లేచాడు. పోతూ పోతూ నా భుజం దగ్గర వంగి, "నోరు జారావంటే నీ మొగుడు నీకు దక్కడు" అన్నాడు. చిన్నగానే అన్నాడు. గుమాస్తా గారికి వినపడింది. ఆయన కళ్ళజోడు దారం చెవికి బిగించుకున్నాడు, అంతే.

*

ఆయన కొత్త ఠావు కాగితం ఒకటి తీశాడు. పైన ఏదో రాసి, రెండు వేళ్ళ ఖాళీ వదిలి, కింద ఇంకేదో రాసి, మళ్ళీ ఖాళీ వదిలాడు. కాగితం నా వైపు తిప్పాడు. నాకు చదవటం రాదని ఆయనకు తెలుసు.

"పైన రాసింది, పొద్దున నువ్వు చేలో ఉన్నావని. కింద రాసింది, ఆయన తలకు దెబ్బ తగిలిందని. ఈ రెండూ పోలీసోళ్ళూ మీరూ ఒప్పుకునేవే. మధ్యలో తెల్లగా ఉందే, అది నేను నింపను. నాకు తెలీదు గాబట్టి. నీకు తెలుసు."

ఆ తెల్ల జాగా చూస్తే నాకు భయమేసింది. చదవటం రానివాళ్ళకు రాసిన గీతలన్నీ ఒకటే, ఖాళీ మాత్రం ఖాళీగానే కనపడుతుంది.

"మీ వంతు ఎప్పుడు మొదలు?"

"పాసింజరు కూతకండీ."

"ఆ రోజు కూత విన్నావా?"

"విన్నా. వినే చెక్క తీశా. తువ్వాలు నేనే కట్టా."

ఆయన లేచి మేకు దగ్గరికి పోయాడు. రైల్వే టైంటేబులు తీసి, వేలు నాలిక్కి తడుపుకుని, పేజీలు తిప్పాడు. చానా సేపు చూశాడు. చానా సేపు అంటే ఎంత అని ఇప్పుడు కూడా అడుగుతాడు. నేను ఒకటి నుంచి నలభై దాకా లెక్కపెట్టి ఉంటాను.

"మీ స్టేషనుకు ఆ బండి ఏడూ నలభైకి. గొడవ ఏడు గంటలకని రాశారు, ఆసుపత్రి చీటీలో గూడా దగ్గర్లోనే ఉంది. ఈ లైను మీద బండి నలభై నిమిషాలు ఆలస్యంగా రావటం చూశా. గంటన్నర చూశా. ముందు రావటం మటుకు నేను పుట్టాక చూడలేదమ్మాయ్."

"అది గూడ్సు బండండీ" అన్నాను. "నాపరాళ్ళ గూడ్సు. కూత ఒకే తీరుగా ఉంటది. నేను పాసింజరనుకుని తీశా. పొరపాటయింది."

చెప్పేశాననుకున్నాను. తేలికయినట్టు కూడా అనిపించింది. ఆయన రాసుకున్నాడు. రాసి, తలెత్తకుండానే అడిగాడు.

"చెక్క తీసినాక బండి మీ చేను పక్కనుంచే పోవాల గదా. చూశావా?"

నేను బల్ల మీది నాపరాయి ముక్క వైపు చూశాను.

"కట్ట మీద పోయే బండి. నువ్వు గట్టు మీద. చూశావా, చూడలేదా?"

"చూశా."

"కిటికీలు ఉన్నాయా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. బండి పోతుంటే నేను చూశాను. ఒక్కొక్క పెట్టె, మూసిన పెట్టెలు, మధ్యలో రాళ్ళు పేర్చిన, గోడల్లేని బల్లపెట్టెలు. ఒక్క కిటికీ లేదు, ఒక్క మొహం లేదు, చెయ్యూపే పిల్లలు లేరు. చివరి పెట్టెలో గార్డు నన్ను చూసి పచ్చజెండా కర్రకు చుట్టుకున్నాడు కూడా. అప్పటికి నీళ్ళు నా మొదటి మడిలో సగం దూరం వచ్చాయి. అవతల మామ చేలో నాలుగు మళ్ళు తడవాల్సి ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను. ఆయన ఊరుకోమ్మా అనలేదు. కలానికి మూత పెట్టి బల్ల మీద పెట్టాడు.

"మూత పెట్టాను. అయినాక చెప్పు, తీస్తాను."

ఎంతసేపటికి తేరుకున్నానో తెలియదు. ఆయన టోపీ మడతలు విప్పి మళ్ళీ వేసుకుంటూ కూర్చున్నాడు.

"లేవు" అన్నాను. "కిటికీలు లేవు."

మూత తీశాడు. "చూశాక చెక్క మళ్ళీ వేశావా?"

"వేయలేదు. పిందె రాలిపోతుందండీ, ఇంకో అరగంటే గదా అని..."

"ఆ అని లోపల అనుకున్నది తర్వాత. వేయలేదు. అంతేనా?"

"అంతే."

ఆయన ఎందుకు అని అడగలేదు. ఆ మధ్యాహ్నం మొత్తంలో ఒక్కసారి కూడా ఎందుకు అనలేదు. నేను చెప్పబోతే చేత్తో ఆపాడు.

తర్వాత మామ వచ్చిన సంగతి చెప్పాను. ఆయన పంచె ఎగ్గట్టుకుని గట్టెంబడి అరుస్తూ వచ్చాడు. "నా మళ్ళు నాలుగు తడవలా, చెక్క ఎవరు తీశారే? ఏ బండి పోయిందని తీశావే? కళ్ళు పోయినియ్యా నీకు?" పార నా చేతిలో ఉంది. నేను చెక్కకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన నన్ను తోశాడు, నేను కాలవలో పడ్డాను. మా ఆయన రెండు చేల అవతల ఎడ్లను కడుతున్నవాడు కేకలు విని పరిగెత్తుకొచ్చాడు.

"వచ్చి ఏమన్నాడు?"

"ఏందే ఇది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

మళ్ళీ ఆ తెల్ల జాగా. కాగితం మీద ఇంక చారెడంత మిగిలింది. ఆయన కలం దాని మీద ఆగి ఉంది. బయట బావగారు ఎవరితోనో పెద్దగా మాట్లాడుతున్నాడు, రెండోసారి టీ చెప్తున్నాడు.

"మన వంతేనయ్యా అన్నా. పాసింజరు పోయింది, మన వంతే, ఆపుతున్నాడు అన్నా."

"అప్పుడు?"

"నా చేతిలో పార లాక్కున్నాడు. కొట్టాడు. ఒక్కటే దెబ్బ. మామ పడగానే పార అవతల పారేసి, ఆయన తల తన తువ్వాలుతో కట్టింది గూడా మా ఆయనే."

ఆయన చివరి ముక్క దాకా రాశాడు. అప్పుడు మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"ఇది నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదండీ. మా ఆయనకు గూడా. మా వంతనే అనుకుంటున్నాడు ఇప్పటికీ."

*

సాయంత్రం వకీలు గారు కోర్టు నుంచి వచ్చి నిలబడే చదివారు. పెద్ద వయసేం కాదు, తొందర మనిషి. చదువుతుంటే ఆయన మొహం విచ్చుకుంది.

"బాగుందయ్యా. పార ఈమె చేతిలోది. మొగుడు పార తేలా, పథకం లేదు. ఒకటే దెబ్బ, కట్టు తనే కట్టాడు. చాలు. కానీ ఈ కిటికీల గోలేంది? పొరపాటున తీసిందని వదిలెయ్. ఆ తర్వాత మొగుడికి అబద్ధం చెప్పిందని మనమెందుకు చెప్పటం? ఈమె పేరు గూడా రాసుకుంటారు కేసులో."

బావగారు అందుకున్నాడు. "అదేనండీ నేను మొత్తుకునేది! ఈ సాయిబు మా పక్కనా, వాళ్ళ పక్కనా?"

గుమాస్తా గారు వకీలు గారితోనే అన్నాడు. "అయ్యా, ఈ అమ్మాయి రేపో ఎల్లుండో బోనెక్కాల. అవతలాయన 'బండి చూశావా' అంటాడు. నేనడిగాను గదా, ఆయన అడగడా? ఈమెకు అబద్ధం చేతగాదు. దుర్గి రోలు నా ముందు రెండు నిమిషాలు నిలవలా. అక్కడ ఈ ఒక్కటీ విరిగితే, తువ్వాలు కట్టిన మాట గూడా ఎవరూ నమ్మరు."

"మరి ఈమె పేరు?"

"ఆమెనే అడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. కోర్టు వీధిలో రిక్షాలు పోతున్నాయి. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. నన్ను కూడా లోపలేస్తే వాళ్ళకు అన్నం ఎవరు పెడతారా అని ఆలోచించాను.

"ఒకసారి చదవండి" అన్నాను.

గుమాస్తా గారు మెల్లగా చదివాడు. నా మాటలే, కానీ ఏడుపు లేదు, తిట్లు లేవు. కూత వినపడింది. చెక్క తీసింది. బండి చూసింది. కిటికీలు లేవు. చెక్క తిరిగి వేయలేదు. అట్లా వింటుంటే, ఎవరో ఇంకొక ఆడమనిషి గట్టు మీద నిలబడి ఉన్నట్టు, ఆమెను నేను రైలుకట్ట మీద నుంచి చూస్తున్నట్టు అనిపించింది.

"'అతను ఆమెను తోయగా ఆమె కాలువలో పడింది'" అని చదివాడు.

"ఆగండి" అన్నాను. "తోయలేదు."

బావగారు నెత్తి కొట్టుకున్నాడు. "ఉన్న ఒక్క ముక్కా పోయింది! ఏమే, నీకేమన్నా పిచ్చా?"

"తోయలేదండీ. నేను ఆయన చెయ్యి పట్టుకున్నా, చెక్క ముట్టుకోనియ్యకుండా. ఆయన విదిలించుకున్నాడు. గట్టు తడిగా ఉండి నేనే జారా."

గుమాస్తా గారు ఆ మాట మీద అడ్డంగా ఒకే గీత గీశాడు. ఆయన కొట్టేసిన మాట ఎప్పుడూ కనపడుతూనే ఉండేది, బరికేసేవాడు కాదు. ముందు ఏం రాశామో కూడా కనపడాలనేవాడు. పక్కన సరైన మాట రాసి, పొట్టి సంతకం పెట్టాడు. ఆయన మొహంలో అప్పుడు ఏదో కదిలింది. నవ్వు అని రాయను. పెదవి ఒక పక్కకు కదిలింది.

సిరా దిండు నా ముందుకు జరిపాడు. వేలిముద్ర వేశాను.

వకీలు గారు కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంటుంటే గుమాస్తా గారు నన్ను గుమ్మం దాకా పంపుతూ చెప్పాడు. "రేపు పదకొండింటికి ఇది కోర్టులో చదువుతారు. మీ ఆయన అక్కడే నిలబడి ఉంటాడు. ఈ సంగతి ఆయన మొదటిసారి వినటం అక్కడ కాగూడదు అమ్మాయ్. పొద్దున జైల్లో ఆయన్ని చూడటానికి, ములాఖత్తుకు మాట చెప్పి ఉంచుతా."

*

బెయిలు మంగళవారం రాలేదు. రెండు వాయిదాల తర్వాత, మామ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక వచ్చింది. నా పేరు కూడా కేసులో చేర్చారు. మూడేళ్ళు తిరిగాం. చివరికి మామే రాజీకి వచ్చాడు. "దానికి కళ్ళు పోలేదులే, కోర్టులో అదే చెప్పింది" అని ఊళ్ళో అన్నాడట. నీళ్ళ వంతుకు పంచాయతీ వాళ్ళు ఒక గోడ గడియారం కొన్నారు. అది పాసింజరు కన్నా ఎక్కువసార్లు ఆగిపోయేది.

గుమాస్తా గారిని తర్వాత ఒక్కసారే తీరిగ్గా చూశాను. కోటప్పకొండ తిరునాళ్ళలో. ప్రభలు కొండ కిందికి వస్తుంటే జనం తోసుకుంటున్నారు. ఆయన ఒక చెరుకురసం బండి పక్కన గొడుగు పట్టుకుని, ప్రభల్ని కింది నుంచి పైదాకా చూస్తూ నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోయి నమస్కారం పెట్టాను.

"గుర్తుపట్టారా?"

"గూడ్సు బండి అమ్మాయి" అన్నాడు.

నా వెంట వచ్చిన పిల్లలు నవ్వారు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆయన కేసు సంగతి అడగలేదు, పంట సంగతి అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆ రోజు పొద్దున చెప్పావా మీ ఆయనకు?"

"చెప్పానండీ."

"ఎన్ని గంటలకు?"

"ఏడుంపావుకు. సబ్ జైలు గడియారం చూపించమని సెంట్రీని అడిగా, మీరు అడుగుతారని."

ఆయన తల ఊపాడు. మూడు సార్లు ఊపాడు.

ఆయనకు చెప్పని మిగతాది ఇక్కడ రాస్తాను.

ఆ మంగళవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చాను. చేతిలో కారియరు. గుమాస్తా గారు ముందే మాట చెప్పి ఉంచాడు, సెంట్రీ అడ్డం చెప్పలేదు. మా ఆయన ఊచల అవతలికి వచ్చాడు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే, "భయపడమాకే. మన వంతులో మనం పెట్టుకున్నాం నీళ్ళు. న్యాయం మనది" అన్నాడు. ఐదు రోజులుగా ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడు.

నేను కారియరు కింద పెట్టాను. ఏడవకూడదనుకున్నాను. ముందు రోజు కాగితంలో ఉన్న వరసలోనే చెప్పాను. కూత విన్నాను. చెక్క తీశాను. బండి చూశాను. కిటికీలు లేవు. చెక్క మళ్ళీ వేయలేదు. మామ నన్ను తోయలేదు. నువ్వొచ్చి అడిగితే మన వంతేనన్నాను. పిందె రాలుతుందని గానీ, పిల్లలని గానీ, ఒక్క ముక్క కలపలేదు.

ఆయన ఊచలు పట్టుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి. గోడ వైపు తిరిగాడు. వీపు కనపడుతోంది. సెంట్రీ నా వైపు చూసి, టైం అయిపోతోందన్నట్టు కర్రతో నేల మీద తట్టాడు. నేను కదల్లేదు.

సెంట్రీ రెండోసారి తట్టాక ఇటు తిరిగాడు.

"ఒక్క కిటికీ గూడా లేదా?"

"లేదు."

"ఇదంతా కాయితంలో రాయించావా?"

"రాయించా."

ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి నా బొటనవేలు పట్టుకున్నాడు. సిరా ఇంకా పోలేదు. తన వేలితో దాన్ని రెండు సార్లు రుద్ది చూశాడు. అది ఆయన వేలికి కూడా కొంచెం అంటింది.

"కారియరు ఇటియ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆయన తింటున్నంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను.